తొలొగొన్ గుర్రం ఎవరిది

కోర్టు తీర్పులు అమలు చేయించే అమీనా గదిలోకి బురుల్చా అడుగుపెట్టేసరికే ఆమెకు ఒళ్లు మండిపోతోంది. మూడేళ్లుగా ఆ గది చుట్టూ తిరిగి తిరిగి బూట్ల మడమలు అరిగిపోయాయి. విడిపోయిన మొగుడు తొలొగొన్, కూతురికి నెలనెలా భరణం కట్టాలని జడ్జి తీర్పు ఇచ్చాడు. తీర్పయితే చేతికొచ్చింది గానీ, దాని వెనక ఒక్క సోమ్ నోటు కూడా రాలేదు.

తొలొగొన్ అంత ఘనుడు మరి. నారిన్ నుంచి రాజధాని బిష్కెక్‌కి రోజూ టాక్సీ తోలతాడు, కాగితాల్లో మాత్రం పనీపాటా లేని మనిషి. కారు కొత్త పెళ్లాం పేరున, ఇల్లు తల్లి పేరున, గుర్రం తమ్ముడు సాపర్ పేరున రాయించాడు. అతని పేరున మిగిలింది కూతురు ఒక్కతే. నోటీసు ఇచ్చినప్పుడల్లా నవ్వుతూ సంతకం పెట్టి, నా దగ్గర ఏముందో వెతుక్కోండి అని జేబులు తిరగేసి చూపించేవాడు.

తొమ్మిదేళ్ల జార్కిన్‌కి ఇవేవీ తెలియవు. బురుల్చా బజారులో అద్దె కొట్లో రెక్కలు విరిగేలా కుట్టుపని చేసి పిల్లకి చలికాలపు బూట్లు కొని, మీ నాన్న పంపాడు అని చెప్పేది. బొగ్గు కొన్నా అదే మాట, పుట్టినరోజు బొమ్మకీ అదే మాట. తండ్రికి తాను అక్కర్లేదన్న సంగతి పసిదాని చెవిన పడకూడదని ఆమె తాపత్రయం. ఆ వెధవకి ఊరికే మంచి పేరు కట్టబెడుతున్నందుకు ప్రతిసారీ కడుపు రగిలేది.

ఈసారి ఆ అబద్ధం ఆడడానికి కూడా చేతిలో డబ్బు లేదు. కొట్టు అద్దె బాకీ పడింది, చలి ముంచుకొస్తోంది, ఇంట్లో బొగ్గు నిండుకుంది. మాస్కోలో నేల తుడిచే పని చూశానని అక్క ఫోన్ చేసింది. శనివారం బస్సు. పిల్లని చూపు ఆనని తన తల్లి దగ్గర వదిలి వెళ్లాలి, మళ్లీ ఎప్పుడు చూస్తుందో తెలియదు. భరణం బకాయి వసూలైతే వెళ్లక్కర్లేదు. ఆ మాటే చివరిసారి చెప్పి పోదామని వచ్చింది.

అమీనా కలీపా చెడ్డ మనిషేం కాదు. జిల్లా మొత్తానికి ఒక్కతే, ఆఫీసు జీపుకి పెట్రోలు ఆమె జీతంలోంచే పోయించుకోవాలి. అతని పేరున పూచికపుల్ల కూడా లేనప్పుడు తానేం జప్తు చేయగలదని ఎప్పటి పాటే పాడింది. అప్పుడు బురుల్చా రేపటి విందు సంగతి చెప్పింది. కొత్త పెళ్లాం కొడుకు నడక నేర్చాడట, ఇక తడబడకుండా నడవాలని కాళ్లకి తాడు కట్టి, దాన్ని కోసే వేడుకట. తొలొగొన్ ఆ గుర్రాన్ని మామగారికి కానుకగా ఇస్తున్నాడట.

కలీపా పెన్ను కింద పెట్టింది. "తమ్ముడి గుర్రం ఇస్తున్నానంటాడా మైకులో?"

"వాడా అక్కా? మైకు చేతికిస్తే పక్క లోయలో గుర్రాలు కూడా తనవేనంటాడు."

"ఊరందరి ముందు తనదని చెప్తే అందరూ సాక్షులే. నేను రాసుకుంటా. కాదంటే కోర్టులో తేల్చుకోమందాం. రేపు నేనూ వస్తా."

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి పెద్ద డేరా కింద ఊరంతా కూర్చుని ఉంది. పొయ్యిల మీద మాంసం ఉడుకుతోంది. పరుగు పందెం గెలిచినవాడు బుడ్డోడి కాళ్లకి కట్టిన నల్లా తెల్లా ఉన్నితాడు కోశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. బురుల్చా కూర్చోలేదు, ఇచ్చిన టీ ముట్టుకోలేదు. జార్కిన్‌కి కూడా ఇలాగే తాడు కోశారు. అప్పుడు ఈ మనిషే పిల్లని భుజాన ఎక్కించుకుని డేరా అంతా తిరిగాడు. అది గుర్తొచ్చి ఆమె పళ్లు కొరుక్కుంది.

గోధుమరంగు గుర్రాన్ని వెండి జీనుతో తెచ్చి నిలబెట్టారు. తొలొగొన్ మైకు అందుకున్నాడు. పుట్టిన రోజు నుంచీ ఈ చేతులతో పెంచానన్నాడు, నా ప్రాణంతో సమానమన్నాడు, అలాంటిది మామగారికి ఇస్తున్నానన్నాడు. ముసలాయన మురిసిపోతూ కళ్లెం పట్టుకున్నాడు.

కలీపా కాగితాల సంచితో ముందుకు నడిచింది. "తొలొగొన్ గారూ, ఇంకొక్కసారి చెప్పండి. గుర్రం ఎవరిది?"

తొలొగొన్ తమ్ముడి వైపు చూశాడు. సాపర్ తల వంచుకుని టీ గిన్నెలోకి చూస్తున్నాడు. తమ్ముడిదంటే, పరాయి సొమ్ము కానుకిచ్చినవాడని మామగారి ముందు తల కొట్టేసినట్టవుతుంది. తనదంటే గుర్రం పోతుంది. కూతురి విషయంలో మూడేళ్లు నదురూ బెదురూ లేకుండా బొంకినవాడికి ఇప్పుడు నాలుక తిరగలేదు.

"నాదే," అన్నాడు.

కలీపా అక్కడే నిలబడి జప్తు రాసింది, మామగారి చేతిలోంచి కళ్లెం తీసుకుంది. వంశంలో పెద్దవాడు, తొలొగొన్ చిన్నాన్న, కర్ర పట్టుకుని లేచాడు. "నలుగురూ తింటున్న చోటికి అమీనాని తెస్తావా? సిగ్గు కదమ్మాయ్?"

"సిగ్గే చిన్నమామయ్యా. ఎవరికో మీరే చెప్పండి," అంది బురుల్చా.

ఆయన తెల్ల ఉన్ని టోపీ తీసి భోజనాల గుడ్డ మీద వెల్లకిలా పెట్టి, జేబులో ఉన్నదంతా అందులో వేశాడు. వియ్యాలవారి ముందు వంశం పరువు పోకూడదు కదా. ఒకరి తర్వాత ఒకరు లేచారు. సాపర్ బూటులోంచి నోట్ల కట్ట తీశాడు. పోసిన టీ చల్లారేలోపు మూడేళ్ల బకాయి టోపీలో పడింది. కలీపా లెక్కపెట్టి రసీదు రాసి, జప్తు రద్దు చేసి, కళ్లెం మామగారి చేతికి తిరిగిచ్చింది.

డబ్బు చేతిలో పడ్డాక బురుల్చా కోపం చల్లారుతుందనుకుంది. చల్లారకపోగా ఇంకా రాజుకుంది. ఇంత డబ్బు వీళ్ల జేబుల్లోనే, ఇంత దగ్గర్లోనే ఉందన్నమాట.

"గుర్రం పోతుందంటే లేచారే అందరూ," అంది. "నా పిల్ల బొగ్గు లేక కోటు వేసుకుని పడుకున్నప్పుడు ఈ టోపీ ఎవరి తల మీదుంది చిన్నమామయ్యా? అది మీ రక్తం కాదా?"

ఎవరో ఆడమనిషి పిల్లకిమ్మని మాంసం సంచి చేతికిస్తే, బురుల్చా దాన్ని అక్కడే పెట్టేసి బయటికి నడిచింది.

ఇంటికి వస్తూ బస్సు టికెట్టు రద్దు చేసుకుంది, బొగ్గు వేయించుకుంది. జార్కిన్ గుమ్మంలో బొగ్గు కుప్ప చూసి గంతులేసింది.

"ఇంత బొగ్గా? నాన్న పంపాడా అమ్మా?"

ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి అవునని చెప్పడం ఆమెకి అలవాటే. ఇవాళ నిజంగానే ఆ ఇంటి నుంచి డబ్బు వచ్చింది. అయినా ఆ మాట నోటికి రాలేదు.

"కాదు తల్లీ," అంది పార అందుకుంటూ. "మీ నాన్న గుర్రం ఇప్పించింది."