హెస్టర్ పేరు రాసిన పుట

నేను ఒక పెళ్లిళ్ల పుస్తకాన్ని. ఇంగ్లండులో థార్న్‌వెల్ అనే పల్లె చర్చిలో, పాదిరిగారు అంగీ మార్చుకునే గదిలో, ఒక చెక్కపెట్టెలో ఉండేదాన్ని. నాకొక కవల. ఆ దేశపు చట్టానికి ఒక్కచోట రాసిన పెళ్లి మీద నమ్మకం లేదు. ఒకేలాంటి రెండు పుస్తకాల్లో రాయాలి. రెండూ నిండాక ఒకటి చర్చిలో ఉండాలి, రెండోది పట్నం కచేరీకి పోవాలి. జంటల్ని కలపడానికి పుట్టిన మమ్మల్నే చివరికి విడదీస్తారన్నమాట. మనుషుల ఏర్పాట్లు ఇలాగే ఉంటాయి.

ఆ ఊళ్లో గడ్డివాము మొదలు సమాధి రాయి దాకా అన్నీ దొరగారివే. నాలో దొరగారి చుట్టాల సంతకాలు మెలికలు తిరిగి పక్కవాళ్ల గడిలోకి కూడా పాకేవి. పనివాళ్లు మాత్రం సంతకానికి బదులు రెండు గీతలు అడ్డంగా గీసి, అదే గీటు పెట్టి, కలం చేతిలోంచి వదిలితే చాలనుకునేవారు. పక్కన పాదిరిగారు వాళ్ల పేర్లు రాసేవారు.

హెస్టర్ దొరగారి పాడిలో వెన్న తీసే పిల్ల. శనివారాలు చర్చి తుడవడానికి వచ్చేది. గబగబా తుడిచేసి నన్ను తెరిచేది. ఎవరు ఎవరిని చేసుకున్నారో ఆమెకు ముందే తెలుసు కాబట్టి, ఆ పేర్లు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంది. మూడేళ్లలో చదవడం, రాయడం రెండూ వచ్చేశాయి. బడీ లేదు, పంతులూ లేడు, నేనే. ఆ గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అలాంటి పిల్ల బండి తోలే ఆమోసును ఇష్టపడింది. ఆమోసుకు చదువు రాదు. అంతకుముందు ఒక దుకాణదారు కూతురితో పెళ్లి కుదిరింది. సంతలో అతడు ఒక చీటీని తలకిందులుగా పట్టుకుంటే ఆ పిల్ల పగలబడి నవ్వింది. చీటీ అక్కడే పడేసి వచ్చినవాడు మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు.

పెళ్లికి ముందు శనివారం హెస్టర్ నా ఎదుటే స్నేహితురాలు కెజీయాతో గుసగుసలాడింది.

“నీకు చదువొచ్చని చెప్పెయ్యవే బాబూ. ఎంతకాలమని దాస్తావు?” అంది కెజీయా.

“చెబితే వెళ్లిపోతాడే.”

“గుర్రాల్ని వదిలేసి పోతాడా? నడిచి ఎంత దూరం పోతాడులే!”

“నీకంతా నవ్వులాటే. నేను గీటే పెడతాను. మా అమ్మ పెట్టలేదూ?”

నిజమే, ఆ ఊళ్లో అదొక ఆనవాయితీ. పెళ్లికొడుక్కి రాయడం రాకపోతే, రాయడం వచ్చిన పెళ్లికూతురు కూడా అతడి పరువు కోసం గీటే పెట్టేది. నాలోని గీట్లలో ఎన్ని నిజమైనవో నాకే తెలియదు.

సోమవారం పొద్దున పెళ్లయింది. ముందు నా కవలలో ఆమోసు గీటు, హెస్టర్ గీటు పడ్డాయి. తరవాత నన్ను తెరిచారు. ఆమోసు గీటు పెట్టాడు. హెస్టర్ కలం అందుకుంది. పాదిరిగారు మంచివారే కాని, ఎప్పుడు ఊరుకోవాలో తెలియదు.

“ఇదేమిటమ్మాయ్? ప్రతి శనివారం నాకన్నా శ్రద్ధగా ఈ పుస్తకం చదువుతావు. నువ్వూ గీటు పెడతావేమిటి?”

కలం నా మీద ఆగిపోయింది. ఆమోసు మొహం ఎర్రబడింది. టోపీ తీసుకుని బయటికి నడిచాడు. హెస్టర్ వెనకే పరుగెత్తింది. కిటికీ తెరిచి ఉంది కాబట్టి సమాధుల దగ్గర వాళ్ల మాటలు నాకు వినబడ్డాయి.

“నన్ను చూసి నవ్వుకున్నావా?”

“లేదు, భయపడ్డాను. నువ్వు పోతావేమోనని.”

అతడి అడుగులు ఒకచోట ఆగాయి.

“అయితే ఇది చదువు. మా అమ్మ సమాధి రాయి. దొరగారు వేయించారు. పదకొండేళ్లుగా టోపీ తీసి నిలబడుతున్నాను, ఏం రాసుందో తెలీదు. ఎవర్నైనా అడగాలంటే సిగ్గు.”

హెస్టర్ మెల్లగా చదివింది. “ఎన్నడూ గొంతు పెంచి ఎరుగని శాంతమూర్తి.”

 వెంటనే గంటగోపురం మీది కాకులన్నీ లేచిపోయేంత నవ్వు!

“మా అమ్మా! మూడు పొలాల అవతల గుర్రం కూడా ఆమె కేకకి ఆగేది! దొరగారే ఓసారి కంచె దూకి పారిపోయారు!”

ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చారు.

“పాదిరిగారూ, ఈవిడ పేరు రాస్తుంది” అన్నాడు ఆమోసు. “ఇంట్లో ఒక్కరికైనా రాయడం రావాలి. లేకపోతే మా గురించి ఎవరికి తోచింది వాళ్లు చెక్కేస్తారు.”

“ఆ పుస్తకంలో గీటు పెట్టేసింది కదయ్యా! రెండూ ఒకేలా ఉండాలి!”

“మేమిద్దరం ఒకేలా ఉన్నామా? మమ్మల్ని కలపలేదూ మీరు?”

పాదిరిగారు కలం సిరాలో ముంచి హెస్టర్ చేతికిచ్చారు. హెస్టర్ నాలుక కొస పళ్లతో నొక్కిపట్టి పేరంతా రాసింది.

“మరి నా పేరేదీ?” అన్నాడు ఆమోసు.

పాదిరిగారు రాసిన పేరు మీద ఆమె అతడి వేలు ఆనించింది. ఆమోసు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మెల్లగా వేలు జరిపాడు.

“అబ్బో, ఇదంతా నేనే!”

నిండిపోయాక నా కవల పట్నం వెళ్లింది. ఎప్పుడైనా తలుచుకుంటే బెంగగానే ఉంటుంది. అక్కడ హెస్టర్ ఇప్పటికీ చదువురానిదే. నేను పాత కాగితాలు దాచే భవనంలో, చల్లని గదిలో ఉన్నాను. చేతులు కడుక్కున్నవాళ్లే నన్ను తాకుతారు. ఈమధ్య ఒకావిడ నన్ను పుట పుటా పరీక్షించి రాసుకుంది: “నలభై ఒకటో పుట. వరుడి పేరు పొడవునా బండి ఇరుసు కందెన మరక. శుభ్రం చేయవలెను.”

ఆమోసు సంతకమమ్మా అది. ఉండనీ.