పెట్టెలోని జెండా

కోర్టుకు వెళ్ళాల్సిన వ్యాను స్టేషన్ మెట్ల ముందు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఊచల వెనక తమ్ముడు, బల్లకు ఇవతల అక్క. బల్లమీద ప్లాస్టిక్ సంచిలో, కాలిపోగా మిగిలిన జెండా మూల.

“నేనే కాల్చానంటున్నాడు మీవాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “దేంతో అంటే లైటర్ అన్నాడు. మాకు అక్కడ దొరికింది అగ్గిపెట్టె. అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదమ్మా ఇతనికి.”

రెండూ ఉన్నాయనీ, ముందు లైటర్ వెలగలేదనీ తమ్ముడు లోపలినుంచి గొణిగాడు. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి కూడా చూడలేదు.

నిన్న మధ్యాహ్నం సైనిక కార్యాలయం గేటు ముందు, బ్యారక్ పైకప్పు కూలి చనిపోయిన సైనికుల కుటుంబాలు నిరసనకు కూర్చున్నాయి. విచారణ ముగిసింది, తప్పు ఎవరిదీ కాదని తేల్చేశారు. ఆ గోలలో ఎవరో జెండా తగలబెట్టారు. మండుతున్న జెండాను రెండు చేతులతో పట్టుకుని అరుస్తున్న తమ్ముడి ఫొటో సాయంత్రానికల్లా ప్రతి ఫోనులోనూ ఉంది. అంటించిన చెయ్యి మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. నిరసనగా జెండా కాలిస్తే ఏడేళ్ళ జైలు, బెయిలు లేదు. చట్టం కొత్తది, మొదటి కేసు ఇదే. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు.

“అంటించింది ఎవరో తెలిస్తే ఇప్పుడే చెప్పండి. వ్యాను కదిలాక నా చేతిలో ఏమీ ఉండదు. జడ్జిగారి ముందు కూడా ఇదే పాట పాడాడంటే ఇక అంతే సంగతులు.” అని, ఆమెను పరకాయించి చూశాడు. “మిమ్మల్ని టీవీలో చూశాను కదూ?”

ఆమె తల దించుకుంది.

ఆమె జెండాలు కుట్టే వర్క్‌షాపులో పని చేస్తుంది. అంచులు మడిచి కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అక్కడ అందరికీ అంచులక్క. చట్టం వచ్చిన రోజు టీవీవాళ్ళు వచ్చి, జెండా కాల్చడాన్ని నిషేధించాలా వద్దా అని మిషన్ల మధ్య మైకు పెట్టారు. పక్క మిషను ఆవిడ, గుడ్డను కాలిస్తే ఏడేళ్ళయితే మనిషిని కాల్చినవాడికి ఎన్నేళ్ళో అని నవ్వింది. అంచులక్కకు ఒళ్ళు మండింది. అది ఆ బ్యారక్‌లోనే చనిపోయిన తన అన్న మీద కప్పిన గుడ్డ. కాల్చినవాళ్ళకు ఏడేళ్ళు ఏ మూలకూ రావు, బతికినంతకాలం ఊచలు లెక్కపెట్టించాలి అనేసింది. ఆ ముక్కనే తిప్పి తిప్పి చూపించారు. అమ్మ కూడా చూసింది.

ఇన్‌స్పెక్టర్ సంచిని ఆమె ముందుకు జరిపాడు. ఆమె వంగి చూసింది.

మూలన తాడు పట్టే చోట కుట్టు బూడిదరంగు దారంతో ఉంది. ఏ వర్క్‌షాపులోనూ అలా కుట్టరు. అన్న శవపేటిక మీంచి తీసిన జెండాను మడిచి అమ్మ చేతుల్లో పెట్టినప్పుడు, ఆ మూల కుట్టు విడిపోయి ఉంది. ఇంట్లో తెల్లదారం లేకపోతే చేతికందిన దారంతో తనే కుట్టింది. కుట్టిచ్చిన జెండాను అమ్మ పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకుంది. స్నానానికి కూడా తీయదు.

“గుర్తుపట్టారా?”

“లేదండీ,” అంది ఆమె. “ఒక్కసారి ఇంటికి వెళ్ళి వస్తాను. అంతవరకూ పంపించకండి.”

“అక్కా, ఇంటికెందుకు? ఇంటికి వెళ్ళొద్దు,” అన్నాడు తమ్ముడు ఊచలు పట్టుకుని. అప్పుడు కనిపించాయి ఆమెకు, వాడి అరచేతుల్లో లేచిన బొబ్బలు. జెండా కాల్చినవాడికి వేళ్ళ కొనలు కాలుతాయేమో. వీడికి అరచేతులు కాలాయి. ఆర్పబోయాడు పిచ్చి వెధవ.

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ చూశాడు. గుమ్మందాకా వెళ్ళి, ఇంజను ఆపి టీ తాగి రమ్మని వ్యాను డ్రైవరుకు చెప్పాడు. “ఒక్క టీ,” అన్నాడు ఆమెతో. “రెండో టీ తాగించే అధికారం నాకు లేదు.”

అమ్మ ఉండేది తమ్ముడి ఇంట్లోనే, రెండు వీధుల అవతల, మేడ మీద. మరదలు మెట్లమీద కూర్చుని ఉంది, ఒళ్ళో పాప నిద్రపోతోంది. తలుపుకు బయటినుంచి తాళం.

“అత్తయ్య లోపలున్నారు,” అంది మరదలు. “తలుపు తీయొద్దని నిన్న పోలీసులు వచ్చేలోపు ఆయన ఒట్టు పెట్టించుకున్నారు. పొద్దుటినుంచీ తీయమని ఆవిడ బతిమాలుతున్నారు. తీస్తే ఆవిడ పోతారు, తీయకపోతే ఆయన పోతారు. నన్నేం చేయమంటారు వదినా?” తాళంచెవి అంచులక్క చేతిలో పెట్టి, ముఖం పాప జుట్టులో దాచుకుంది. “నా చేత్తో మాత్రం తీయను.”

అమ్మ ప్రయాణానికి తయారైనట్టు మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్ళకు మందు రాసుకుని గుడ్డపీలిక చుట్టుకుంది. మంచం కింది పెట్టె గది మధ్యలో నోరు తెరుచుకుని ఉంది.

“వచ్చావా,” అంది. “పద, పోదాం.”

అంచులక్క పెట్టె పక్కనే కూలబడింది. ఎందుకు చేశావని అడిగింది. అమ్మ నింపాదిగా చెప్పింది. అందరిలాగే తనూ అన్న ఫొటో పట్టుకుని కూర్చుందట. జెండాను చేతిసంచిలో తీసుకెళ్ళింది, లోపలికి పిలిస్తే బల్లమీద పెట్టి మాట్లాడదామని. ఎవరూ పిలవలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక ఒక ఆఫీసరు గేటు దాకా వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, చేతులు జోడించాడు.

“అందరికీ జెండాలు ఇచ్చాం కదమ్మా, అంతకంటే ఏం కావాలి, అన్నాడు. ఏం కావాలో చెప్పడానికి నోరు రాలేదు. అగ్గిపెట్టె పక్కావిడది, కొవ్వొత్తుల కోసం తెచ్చుకుంది. అదే తీసుకున్నాను. చిన్నోడు డ్యూటీ దిగి నాకు అన్నం తెస్తున్నాడు. గిన్నె పారేసి పరిగెత్తుకొచ్చి, నా చేతిలోది లాక్కుని ఆర్పబోయాడు. ఫొటోలు అప్పుడు తీశారు. నన్ను ఎవరో వెనక్కి లాగేశారు. ముసలిదాన్ని కదా, కాళ్ళకు అడ్డమని.”

అంచులక్క బుర్ర మిషను సూదిలా పరిగెత్తుతోంది. ఆమధ్య ఒకరోజు అమ్మ వర్క్‌షాపుకు వచ్చి, పాతబడిన జెండాలను ఏం చేస్తారని అడిగింది. తను పనిలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. చిరిగినవీ వెలిసినవీ చెత్తలో వేయకూడదు, శుభ్రమైన చోట నిలబడి మర్యాదగా కాల్చాలి. షెడ్డు వెనక తామే ఎన్నిసార్లు కాల్చలేదు. అది నేరం కాదు, చట్టంలోనే ఉంది.

“అమ్మా, విను. జెండా చిరిగిపోయింది. మా అమ్మాయి చెప్పిన పద్ధతిలోనే కాల్చాను, నాకు ఇంకేం తెలియదు అని చెప్పు. అదొక్క మాట చాలు. నువ్వూ వస్తావు, వాడూ వస్తాడు.”

“చిరగలేదే. నువ్వు కుట్టాక ఒక్క పోగు ఊడలేదు.”

“ఊడిందని చెప్పమంటున్నాను.”

అమ్మ కూతురి తలమీద కట్టు కట్టిన చెయ్యి వేసింది.

“మీ అన్న ఏ తప్పూ లేని పైకప్పు కింద చచ్చిపోయాడని రాసుకున్నారు. ఇప్పుడు నేను ఏ కోపమూ లేకుండా జెండా కాల్చానని రాయించుకోమంటావా? కోపంతోనే కాల్చాను. ఏడేళ్ళయితే ఏడేళ్ళు, టీవీలో నువ్వు చెప్పినట్టు బతికినంతకాలమయితే ఇంకా మంచిది, నాకు పెద్దగా మిగల్లేదు. చిన్నోడికి బోలెడు మిగిలింది. లే.”

టీవీ మాట అమ్మ ఎత్తిపొడుపుగా అనలేదు. అలా అన్నా బాగుండేది.

వాళ్ళు తిరిగి వెళ్ళేసరికి వ్యాను డ్రైవరు సీటులో ఉన్నాడు, ఇంజను మళ్ళీ మొదలైంది. తమ్ముడి చేతులకు బేడీలు వేసి బయటికి తెస్తున్నారు. అమ్మను చూడగానే వాడి ముఖం పాలిపోయింది. ఎందుకు తీసుకొచ్చావన్నట్టు అక్క వంక చూశాడు.

అమ్మ బల్ల ముందు నిలబడి, జెండా కాల్చింది తనేనని చెప్పింది. అమ్మకు మతి సరిగా లేదనీ, అన్న పోయినప్పటినుంచీ ఇంతేననీ తమ్ముడు గట్టిగా అన్నాడు. నీకే లేదురా మతి అంది అమ్మ. కానిస్టేబుల్ ఒకడు నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి మానేశాడు.

“నేను ఈ కుర్చీలో కూర్చున్నప్పటినుంచీ ఏ తల్లిని చూసినా ఇంతే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “కొడుకు దొంగతనం చేస్తే దొంగ నేనే అంటుంది. ఆ కట్టు పొయ్యి దగ్గర కాలి కట్టుకున్నదని ఎవరైనా అంటారు. ఫొటోలో ఉన్నది ఇతను. ఒకే పనిని ఇద్దరూ నేనంటే నేనని అంటే, నేను ఫొటోనే నమ్మాలి.”

అంచులక్క మిగిలిన ఆఖరి దారీ ప్రయత్నించింది. పాతబడిన జెండాలను కాల్చే పద్ధతి గురించి గబగబా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ అడ్డు తగలకుండా విన్నాడు. ఆ నియమం తనకూ తెలుసన్నాడు. ఆ మాట పెద్దావిడ నోటితో ఒక్కసారి వస్తే, తిట్లు తిన్నా సరే, అలాగే రాస్తానన్నాడు. అందరూ అమ్మ వైపు చూశారు.

“కొత్త జెండాలాగే ఉంది బాబూ,” అంది అమ్మ.

ఇన్‌స్పెక్టర్ కాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు. “చట్టం నేను రాయలేదమ్మా. సంతకం మాత్రం నేనే పెట్టాలి.” అంచులక్క వైపు తిరిగాడు. “ఆ మూలను చూసినప్పుడు మీరు గుర్తుపట్టారు. మీ ముఖమే చెప్పింది. జెండాలను కాల్చేవాళ్ళ గురించి మీరేమన్నారో ఊరంతా విన్నది కాబట్టి, మీరు ఎవరినైనా కాపాడుతున్నారని జడ్జిగారు అనుకోరు. మీరు ఎవరి పేరు చెబితే వాళ్ళే వ్యాను ఎక్కుతారు. చెప్పండి.”

“అక్కా,” అన్నాడు తమ్ముడు. “నన్ను పోనీ. నేను ఉండగలను. అమ్మ అక్కడ నెల్లాళ్ళు కూడా ఉండలేదు. నీకు తెలుసు.”

ఆమెకు తెలుసు. మెట్లమీద నిద్రపోతున్న పాప సంగతీ తెలుసు. పేరు చెప్పకుండా ఉంటే వాడు పోతాడు, నోరు మూసుకున్నా అది చెప్పినట్టే. కిటికీలోంచి వ్యాను వెనక తలుపు తెరిచి ఉండటం కనిపిస్తోంది.

అమ్మ మెడలోని దారం తీసి, తాళంచెవిని కూతురి చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

“అబద్ధం చెప్పమనటం లేదు కదే,” అంది. “చెప్పేయ్.”

“ఎవరు కాల్చారు?” అని అడిగాడు ఇన్‌స్పెక్టర్, కలం అందుకుని.

మొదటిసారి పెదాలు కదిలాయి తప్ప మాట రాలేదు. వినపడలేదు, గట్టిగా చెప్పాలన్నాడు ఇన్‌స్పెక్టర్, తల ఎత్తకుండా.

“మా అమ్మ,” అంది అంచులక్క. “మా అమ్మే కాల్చింది.”