మంచం పింఛను

ఊళ్లో దాన్ని మంచం పింఛను అంటారు. ముసలివాళ్లకిచ్చేది వేరు, కాలో చెయ్యో లేనివాళ్లకిచ్చేది వేరు. ఇది మంచం దిగలేనివాళ్లకి సర్కారు ఇచ్చేది, మిగతావాటికంటే పెద్దది. పెద్దది కాబట్టి కొందరికి కళ్లమంట కూడా. "చిన్నప్పకేందమ్మా, పడుకుని తింటన్నాడు" అని నిర్మల వినేట్టే అనేవాళ్లు. పడుకోవడమంటే ఏమిటో ఆ నోళ్లకేం తెలుసు? ఒక్క వారం పడుకుని చూస్తే తెలిసేది.

చిన్నప్ప నిర్మలకి తమ్ముడు. గురజాల అవతల నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాడు. ఒకనాడు రాయి జారి నడుం మీద పడింది. ప్రాణం దక్కింది గానీ నడుం కింద ఒళ్లు చచ్చుబడిపోయింది. నిర్మలకి మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అమ్మానాన్నా అంతకుముందే పోయారు. ఆ ఇంట్లో మిగిలింది అక్కా తమ్ముడూ ఇద్దరే.

మొదట్లో నిర్మల వాణ్ణి ఇంట్లో వదిలి మిరప కోతలకు పోయేది. పోకపోతే పొయ్యి ఎట్లా వెలుగుతుంది? పొద్దున ఏ పక్కకి తిప్పి పోయేదో చీకటిపడేదాకా వాడు ఆ పక్కనే ఉండేవాడు. వీపు కింద చిన్న ఎర్రమచ్చ వచ్చింది. అది పుండైంది. స్పర్శ లేదు కాబట్టి వాడికి నొప్పి తెలియలేదు, వాసన వచ్చేదాకా ఈమెకీ తెలియలేదు. గుంటూరు తీసుకెళ్లేసరికి లోపల ఎముక కనపడుతోంది. "గంటకో రెండు గంటలకో పక్క మార్చే మనిషి లేకపోతే మీ తమ్ముడు బతకడమ్మా" అని అక్కడి డాక్టరు ముఖాన్నే చెప్పాడు.

ఆ తర్వాతే మంచం పింఛను వచ్చింది. నిర్మల కూలి మానేసి ఇంటిపట్టున ఉంది. పక్క మార్చింది, ఒళ్లు తుడిచింది, పుండు కడిగింది. మానడానికి ఏడాది పట్టింది. నలుగురూ కుళ్లుకున్న ఆ సొమ్ము తమ్ముడి దగ్గర ఒక మనిషిని ఉంచింది, అంతకుమించి చేసిందేమీ లేదు. అంత చాలు.

ఇప్పుడేమో ఖజానా ఖాళీ అన్నారు. దొంగ పింఛన్లు పెరిగిపోయాయి, అందరూ మళ్లీ డాక్టర్లకి చూపించుకోవాలన్నారు. దొంగవి లేవని ఎవరన్నారు? మోటారుసైకిల్ మీద పొలం పోయొచ్చే మంచం పింఛనుదారుణ్ణి నిర్మలే ఎరుగును. కానీ ఒకసారి చెరగడం మొదలయ్యాక తాలుతోపాటు గింజలూ పోతాయి. చేట పట్టుకున్నవాళ్లకి అవి కనపడవు.

ఆ పరీక్షల క్యాంపు నరసరావుపేటలో. షాకిర్ ఆటో మాట్లాడుకున్నారు. షాకిర్ చిన్నప్పతో కలిసి చదువుకున్నవాడు, వాణ్ణి ఎత్తుకుని దించడం అలవాటున్నవాడు. తోడుగా కృపావరమత్త వచ్చింది. రక్తసంబంధం లేదు, వాళ్ల చర్చిలో పెద్దామె. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందుగా వచ్చేదీ, చివర్న పోయేదీ ఆమే.

దారంతా షాకిర్ వేళాకోళమే. "ఒరేయ్ చిన్నప్పా, డాక్టరు పిలిస్తే పలకబాక. కళ్లు తేలేసి పడుకో."

"నా కాళ్లకి నాటకాలు రావురా" అని చిన్నప్ప నవ్వాడు.

"దొంగేషాలేం వద్దు నాయనా" అంది నిర్మల. "ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం. దేవుడు మనకిచ్చిన కష్టం చాలదా, ఇంకా కలిపి చెప్పాలా?"

ఆసుపత్రి వరండా నిండా జనం. మంచాలతో సహా మోసుకొచ్చిన వాళ్లున్నారు. మంచం దిగలేనివాళ్లందరూ ఫలానా రోజు ఫలానా చోటికి రావాలని రాసిన మహానుభావుడెవడో గానీ, వాడికి దణ్ణం పెట్టాలి. చిన్నప్పకి కిటికీ పక్కన బెంచీ దొరికింది. షాకిర్ వాణ్ణి కిటికీ ఊచలకు ఆనించి కూర్చోబెట్టాడు. లోపలికి పోయినవాళ్లు ఒక్కొక్కరే బయటికొస్తున్నారు. ఒకామె ఏడుస్తూ వచ్చింది. ఒక ముసలాయన ఏమీ అర్థంకాక, "తీసేశారంట, తీసేశారంట" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. నిర్మల కృపావరమత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నాకు భయంగా ఉంది. ఒక్క మాట ప్రార్థన చెయ్యవా?" అంది.

"చెయ్యకేం తల్లీ" అంది కృపావరమత్త. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. చర్చిలో ప్రతి ఆదివారం అన్నట్టే, అలవాటుగా, "లేచి నిలబడి ప్రార్థన చేసుకుందాం" అంది.

వాళ్లలో ప్రార్థనకి కూర్చోరు. చర్చిలో ఆఖరి ఆశీర్వాదానికి పసిపిల్లల తల్లులూ, కర్రలు పట్టుకున్న ముసలివాళ్లూ, అందరూ లేస్తారు. చక్రాల కుర్చీలో చిన్నప్ప ఒక్కడే కూర్చుని ఉండేవాడు. "దేవుడి ముందు కూడా కూర్చునే ఉండాలా అక్కా?" అని ఒకసారి అడిగాడు. దేవుడికి తెలీదా అని నిర్మల వాడి నోరు మూయించింది.

నిర్మల లేచింది. కళ్లు గట్టిగా మూసుకుని చేతులు జోడించింది. కృపావరమత్త తండ్రీ అని పిలిచింది, ఈ బిడ్డ మీద దయ చూపమంది, డాక్టరుగారి మనసు కరిగించమంది, వీళ్ల కూడు తీసేయొద్దని బతిమాలింది. నిర్మల ప్రతి మాటకీ స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉంది. ఆమేన్ అయ్యాక కళ్లు తెరిచింది. చిన్నప్ప బెంచీ మీదే ఉన్నాడు. ముఖమంతా చెమట, రొప్పుతున్నాడు. షాకిర్ వాణ్ణి రెండు చంకల కింద పట్టుకుని ఉన్నాడు.

"ఏందిరా, ఏమైంది?" అంది నిర్మల.

షాకిర్ ఆమె వెనక్కి చూస్తున్నాడు. అక్కడ గది గుమ్మంలో టీ గ్లాసుతో డాక్టరు నిలబడి ఉన్నాడు.

వాళ్లనే ముందు పిలిచారు. డాక్టరు కుర్రవాడు. మాట మెత్తన. చిన్నప్ప కాళ్లు మడిచి చూశాడు, మోకాళ్ల మీద తట్టాడు, వీపు మీది మచ్చ చూశాడు. "ఇప్పుడొకసారి నిలబడు" అన్నాడు.

చిన్నప్ప బల్ల అంచు పట్టుకుని తంటాలు పడ్డాడు. కానీ లేవలేకపోయాడు.

"ఇందాక నిలబడ్డావుగా."

నిర్మలకి కోపం నషాళానికంటింది. "ఎవరు సార్, వీడా? అయిదేళ్లయింది వీడు నిలబడి. మీరు ఇంకెవర్నో చూసుంటారు. వీడు నిలబడితే నాకు తెలవదా? వాడి ఒళ్లు ఎత్తేది నేను, కడిగేది నేను!"

"వరండాలో కిటికీ పట్టుకుని నిలబడ్డాడమ్మా. మీరు ప్రార్థన చేస్తున్నప్పుడు. నా కళ్లారా చూశాను."

"అన్యాయం సార్. పేదోళ్లం, మా కూటి మీద కొట్టబాకండి. ఒరేయ్ చిన్నప్పా, చెప్పరా నువ్వన్నా."

చిన్నప్ప అక్క వంక చూశాడు. వాడి ముఖంలో భయం ఉంది, దాని వెనకాల దాచలేని సంతోషం కూడా ఉంది. "నిలబడ్డానక్కా" అన్నాడు.

నిర్మల వాడి కాళ్ల వంక చూసింది.

"నువ్వు నీళ్లకి పోయినప్పుడల్లా మనింట్లో కిటికీ పట్టుకుని లేస్తన్నా. ముందు బొత్తిగా రాలా. ఈ మధ్యే కొంచెం కొంచెం వస్తంది. క్రిస్మస్ ఆరాధనలో నీకు చూపిద్దామనుకున్నా. అత్త లేచి నిలబడదాం అనంగానే ఆగలేకపోయా."

దేవుడా! అయిదేళ్లు ఏ మాట కోసం మోకాళ్లూనిందో ఆ మాటే విన్నది. సంతోషపడాలో నెత్తి కొట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. "అంతసేపే గదా సార్" అని డాక్టరు బల్ల పట్టుకుంది. "ప్రార్థన ఎంతసేపు చేశాం? ఇప్పుడు లెమ్మంటే లేచాడా? అట్టా నిలబడితే వీడి పక్క మార్చే పని తప్పుద్దా? వీడే కూలికి పోతాడా?"

"నిజమేనమ్మా" అన్నాడు డాక్టరు. నిజంగానే బాధగా అన్నాడు. దానికే ఆమెకి మరీ భయమేసింది. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు. "నిలబడగలిగితే మంచం కింద రాయకూడదని పైనుంచి చెప్పారు. చూసిందాన్ని చూడలేదని ఎట్లా రాయను? మామూలు వికలాంగుల పింఛను వస్తుంది. సగం కూడా రాదు, నాకూ తెలుసు. అప్పీలు పెట్టుకోండి. వచ్చే నెల వేరే డాక్టరు చూస్తారు."

తిరుగు దారిలో షాకిర్ సర్కారునీ, డాక్టర్నీ, ఆఖరికి ఆ కిటికీనీ కూడా తిట్టాడు. కృపావరమత్త మాత్రం, "నా నోరు పడిపోను, కూర్చునే చేసుకుందాం అనలేకపోయానే" అని గురజాల దాకా కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. దేవుడి చిత్తం అనే మాట ఆమె నోట ఆరోజు రాలేదు.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. షాకిర్ వాణ్ణి కిటికీ పక్కనున్న మంచం మీద కూర్చోబెట్టి అత్తతోపాటు వెళ్లిపోయాడు. చిన్నప్ప మెల్లిగా, "అక్కా, నువ్వు చూళ్లా గదా" అన్నాడు.

"కళ్లు మూసుకునున్నా గదరా" అంది నిర్మల.

"చూపియ్యనా?"

వద్దనాలనుకుంది. కానీ వెళ్లి వీధి తలుపు గడియ పెట్టింది. పట్టపగలు ఆ వీధిలో ఎవరూ తలుపు మూయరు. వంటింటి తలుపు కూడా మూసి, దొంగసొత్తు దాచేదానిలా ఇటూ అటూ చూసి వచ్చి వాడి ఎదురుగా నిలబడింది.

చిన్నప్ప కిటికీ ఊచలు పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, పళ్లు బిగించాడు. ఒళ్లు కొంచెం కొంచెంగా లేచింది, మోకాళ్లు కొట్టుకున్నాయి, ఆగాయి. నిలబడ్డాడు. తమ్ముడు తనకంటే ఇంత పొడవన్న సంగతే ఆమె మర్చిపోయింది. తల పైకెత్తి వాడి ముఖం చూడాల్సి వచ్చింది. అయిదేళ్లుగా పైనుంచే చూసిన ముఖం అది. నిర్మల వాణ్ణి పట్టుకుని భోరున ఏడ్చింది.

"ఎట్టుంది అక్కా?" అన్నాడు వాడు, ఆయాసపడుతూ, నవ్వుతూ.

"చానా బాగుందిరా నా తండ్రీ, చానా బాగుంది" అంది. కొంగుతో వాడి చెమట తుడిచింది. నడుం చుట్టూ చేతులు వేసి వాణ్ణి మెల్లిగా మంచం మీదికి దించింది, పక్కకి తిప్పింది, వీపు వెనక దిండు పెట్టింది.

"ఇంక నిలబడబాక" అంది. "ఎవురన్నా చూస్తారు."