ఒకే నాడె, రెండు నోళ్లు

దశరథం మగ్గం మీద అటూ ఇటూ దారం మోసే నాడెను పెదాలకు ఆనించి, దాని కంతలోంచి దారం కొసను గట్టిగా పీల్చాడు. దారంతోపాటు కోరపన్ను పక్క పంటిలోంచి చీము కూడా నోట్లోకి వచ్చింది. గోడవారకు పోయి ఉమ్మేసి, నాలుకను తువ్వాలుతో రుద్దుకున్నాడు. కుళ్లు రుచి పోలేదు. ముప్పై ఏళ్లుగా రోజుకు ఇన్ని వందల సార్లని లెక్క లేకుండా నాడెలు పీల్చిన మనిషి, ఇప్పుడు తన నోటిని తానే భరించలేకపోతున్నాడు.

రోత తనవరకే అయితే ఓర్చుకునేవాడు. పొద్దటి పూట తను, మధ్యాహ్నం నుంచి భూమన్న. పద్దెనిమిదేళ్లుగా అవే నాలుగు మరమగ్గాలు, అవే నాడెలు. ఒకరు పీల్చినదాన్నే ఇంకొకరు పీల్చాలి. ఎంగిలి అన్న పట్టింపు ఇద్దరికీ ఎన్నడూ లేదు. పోయిన నెలలో ఒకరోజు భూమన్న అటు తిరిగి నాడెను లుంగీ అంచుతో తుడవడం దశరథం కంటపడింది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"బావా, జర ఆ పన్ను చూపించుకోరాదు," అన్నాడు భూమన్న అప్పుడే. రేపు మాపంటూ దశరథం నెల గడిపాడు.

ఇవ్వాళ చీము నోట్లోకి వచ్చేసరికి, పని తొందరగా ముగించి కరీంనగర్ బస్సెక్కాడు. పళ్ల డాక్టరు ప్రవళిక మాస్కు వేసుకుని కూడా ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇదివరకే రూట్ కెనాల్ చేసినట్టుందే. క్యాప్ ఏది?"

"ఏడేండ్లయింది మేడం. క్యాప్‌కు పోలే."

అప్పుడు తాత్కాలికంగా నింపి, వారం దాకా ఆ పంటితో ఏమీ కొరకొద్దన్నారు. దశరథం అన్నం అటువైపు నమలనే లేదు. దారం ముడుల కొసలు మాత్రం ఆ సాయంత్రమే ఆ పంటితోనే కొరికాడు. దారం కొరకడం కూడా కొరకడమేనని నేత పనివాడికి ఎందుకు తోస్తుంది? నొప్పి తగ్గింది కదా అని మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ప్రవళిక పన్ను తెరిచింది. లోపలి పాత మందు రబ్బరు ముక్కల్లా, నల్లగా ఊడివచ్చింది. దాని వెనకాలే నూలు నుసి. సన్నని సూదితో లాగిన కొద్దీ చీములో నానిన ముద్ద వస్తూనే ఉంది. గదంతా చచ్చిన ఎలుక కంపు. నర్సు పోయి కిటికీ తెరిచింది. ఇంత కుళ్లు పెట్టుకుని భూమన్న పీల్చే నాడెలు పీల్చానా అనుకున్నాడు దశరథం.

డాక్టరు గీకి, కడిగి, మందు పెట్టి మూసింది. "వారానికి మళ్లీ రావాలె. అప్పటిదాకా దారం కొరికితే ఇక పీకుడే," అంది.

బస్సులో దారి పొడుగునా అరచేతిలోకి ఊదుకుని వాసన చూసుకున్నాడు. మందు వాసన తప్ప ఏమీ లేదు. ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకే వెళ్లాడు. భూమన్నకు నోరు తెరిచి చూపించాలని ఆరాటం.

నాలుగు మగ్గాలూ ఆగి ఉన్నాయి. నాడెల్లో పెట్టే కండెలకు దారం చుట్టే ఐలవ్వ ఒక్కతే కూర్చుని ఉంది.

"భూమన్న రాలేదా అక్కా?"

"వచ్చిండు, చెప్పి పోయిండు తమ్మీ. బొంబాయి దిక్కు భివండికి బండెక్కుతడట. ఆడ నాడె లేని మగ్గాలు, కొత్త సాంచెలున్నయట, నోరు పెట్టే పని లేదట."

"నా మీద కోపమా?"

"కోపమేంది? నీకు చెప్పనీకి నోరు రాలేదట. నెల దినాల సంది నాడె నోట్లె పెట్టలే ఆయన. గిదుగో, దీంతోనే దారం గుంజుకున్నడు. నీకియ్యమన్నడు."

బాగుపడిన నోరు చూపించడానికి మనిషి లేడు. దశరథం చెయ్యి చాచాడు.

గొడుగు పుల్లను అరగదీసి, కొస వంచిన చిన్న కొక్కెం అది. పట్టుకునే చోట చుట్టిన దారం భూమన్న చేతి చెమటకు నల్లబడి ఉంది.