కుర్చీ మీది కెమెరా

జ్ఞానప్రకాశం స్క్రూడ్రైవర్‌ను పళ్ల మధ్య పట్టుకుని ఇంటర్నెట్ రాకపోకలు చూసే కొత్త ఫైర్‌వాల్ పెట్టె వెనక వైరు దోపాడు. ఆళ్లగడ్డ విత్తనాల గోడౌన్‌లో అతనికి ఇదే చివరి రోజు. రాజీనామా పంపితే, నంద్యాల ఆఫీసులో కూర్చునే మేనేజర్ సుబ్బరాయుడు, "పోయే ముందు అది సెట్ చేసి పో" అన్నాడు. బట్టతల, వంగిన మెడ, పత్తి గింజల దుమ్ముకు ఎర్రబడ్డ కళ్లు. ఇన్నేళ్ల కొలువు ప్రకాశానికి మిగిల్చింది ఇవే.

పని చిన్నదే. ఇంటర్నెట్‌లో బయటి లోకానికి గోడౌన్ అడ్రసు ఒక్కటే. ఆ అడ్రసుకు వచ్చినవాళ్లను లోపల ఏ కెమెరా దగ్గరికి పంపాలో, కెమెరాకొక రూలు రాయాలి. ఎవరు టీకి లేచారో, ఎవరు గోడకు ఆనుకున్నారో సుబ్బరాయుడు ఫోన్లో చూసేది ఆ రూళ్ల పుణ్యానే. ఆయనకు ఆ కళ్లు పెట్టింది ప్రకాశమే. వాటిలో ఒకటి పై నుంచి తన కుర్చీనే చూస్తుంటుంది.

"ఏందన్నా, పోయే రోజు గూడా పనేనా?" ప్యాకింగ్ చూసే మంజుల అడిగింది.

"అయిపోతాంది మ్మా."

కాళ్ల దగ్గర మూడు గిన్నెల స్టీలు క్యారియర్ ఉంది. మూత మీద చుక్కలతో తల్లి పేరు కొట్టించి ఉంది. పోయిన వానాకాలం ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అందులోనే గంజి పోసుకుని గోడౌన్ గేటు దాకా వెళ్లాడు. అప్పుడే ఫోను మోగింది, సుబ్బరాయుడు.

"యాడికి పోతాండావ్? గేటుకాడ కనపడ్తాండావ్. బిల్లింగ్ కంప్యూటర్ బాగు చేసి పో."

వెనక్కి తిరిగాడు. ఆ రోజు నుంచీ కడుపు మండుతూనే ఉంది.

రూళ్లన్నీ సరిగ్గానే రాశాడు. ఫోను చేసి సుబ్బరాయుడి చేత "అన్నీ వస్తాండాయి" అనిపించుకున్నాడు. ఆ తర్వాత అన్నిటికంటే పైన ఇంకొకటి రాశాడు. ఫైర్‌వాల్ పై నుంచి చదువుతుంది. మొదట తగిలిన రూలునే పట్టుకుంటుంది, కిందవి ఎంత సరిగ్గా ఉన్నా చూడదు. ఆ పై రూలు ప్రకారం ఏ కెమెరా నొక్కినా తన కుర్చీ మీది కెమెరాకే పోవాలి. సేవ్ నొక్కాడు. చాన్నాళ్లకు కడుపులో చల్లగా అనిపించింది.

క్యారియర్‌ను కుర్చీలో పెట్టి, మూత తీసి కెమెరాకు ఎదురుగా ఆనించాడు.

"క్యారియర్ మర్చిపోతాండావన్నా."

"మర్చిపోలేదు. దాన్ని కదిలించొద్దు మ్మా."

బస్టాండులో ఉండగా సుబ్బరాయుడు ఫోన్ చేశాడు. "ఏందప్పా ఇది? యాడ నొక్కినా నీ కుర్చీనే వస్తాంది. దాంట్లో ఏందది?"

"పేరు కొట్టించుండాది సార్. చదువుకోండి."

"చెన్నమ్మ. ఎవురు?"

"మాయమ్మ. ఆ పొద్దు మీరు నన్ను గేటుకాడ ఎనక్కి తిప్పినారే, ఆ గంజి ఆమెకే. నేను మళ్ల పోయేతలికి ఆమె పానాలతో లేదు."

సుబ్బరాయుడు మెత్తగా, "ఒకసారొచ్చి సరి చేసి పోప్పా" అన్నాడు.

"నేను గేటు దాటినా సార్."

ఫోను ఆపేసి వచ్చిన బస్సు ఎక్కాడు.

గోడౌన్‌లో ఖాళీ కుర్చీ. అందులో క్యారియర్, దానికి ఆనించిన మూత, మూత మీద చుక్కల్లో చెన్నమ్మ.