బంతి మొక్కలకు బిగుతు కుండీలు

టైలర్ మాస్టారి చేతిలో కొలత తప్పిందన్న మాట ఎవరూ ఎరగరు. ఎటొచ్చీ కుండీల దగ్గరే ఆ కొలత ఆయన కొంప ముంచింది.

మోకాలి ఆపరేషనై రెండు నెలలైనా ఆయన భార్య మంచం దిగడం లేదు. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు మొత్తుకున్నాడు, మాస్టారు బతిమాలారు. పడిపోతానేమోనని ఆమెకు ఒకటే భయం. అలాంటి మనిషి, ఓ రోజు తనంతట తానే, కిటికీ అవతల బాల్కనీలో నాలుగు పూలమొక్కలుంటే బాగుణ్ణంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. టేపు ఎలాగూ మెడలోనే ఉంది కదా, గట్టు కొలుచుకుని నర్సరీకి పరుగెత్తారు.

బాల్కనీలో మిట్టమధ్యాహ్నం ఎండ పడుతుందని తెలిసి, నర్సరీ ఆవిడ పెద్ద కుండీల్లో బిళ్ళగన్నేరు పెట్టుకోమంది. ఒక పూట నీళ్ళు మరిచినా కిమ్మనదట. ఈయన వింటేగా! గట్టుకి అతికినట్టు సరిపోయే ఆరు బుల్లి కుండీలూ, వాటిల్లోకి బంతి మొక్కలూ ఏరుకున్నారు.

"ఎదిగే పిల్లకి గౌను కుడితే లోపల మడత వదలరా మాస్టారూ? మొక్కకీ అంతే," అంది ఆవిడ. ఆయన నవ్వి డబ్బులు చేతిలో పెట్టారు.

గుప్పెడు మట్టి, ఆపైన మండువేసవి. పొద్దున పోసిన నీళ్ళు ఏ మూలకి? మధ్యాహ్నానికల్లా మొక్కలు వాలిపోయేవి. సాయంత్రం ఆయన కొట్టు కట్టేసి వచ్చి నీళ్ళు పోస్తే పాపం మళ్ళీ లేచేవి. మూడో రోజు, ఈసరికి చచ్చే ఉంటాయనుకుంటూ ఇంటికొచ్చారు.

మొక్కలు నిటారుగా ఉన్నాయి. మట్టి తడిగా ఉంది. బాత్రూమ్ నుంచి బాల్కనీ దాకా గోడ వెంబడే నేలంతా నీళ్ళ చుక్కలు.

"అవలా వేలాడిపోతుంటే చూస్తూ ఎలా కూర్చోనండీ? గోడ పట్టుకుని మూడు మగ్గులు మోశాను," అని మంచం మీంచి విసుక్కుంది భార్య. "పెద్ద కుండీలు తేవాలని తోచలేదా మీకు?"

మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, రేపే తెస్తానన్నారు.

మర్నాడు ఆయన్ని చూడగానే నర్సరీ ఆవిడ, ముందే చెప్పానా అన్నట్టు తలాడించి పెద్ద కుండీలు తీయబోయింది.

"అవొద్దమ్మా. ఇంకో రెండు బంతి మొక్కలివ్వు, మొన్నటి వాటికన్నా చిన్న కుండీల్లో," అన్నారు మాస్టారు. "బాల్కనీ అవతలి చివర పెట్టాలి."