దున్నపోతు తొడుక్కున్న దర్బారు అంగీ

వానలు వెనకబట్టాయి. మర్నాడే రాజుగారి కొలువులో, అందరూ ఆయనకు మోకరిల్లే మొక్కుల పండుగ. బర్మా రాజధాని మాండలేలో కొలువుకు వెళ్లే పెద్దల ఇళ్లన్నిటా పెరళ్ల నిండా అంగీలే ఎండకు వేసి ఉన్నాయి. పడవల మంత్రిగారి దుస్తులు చూసుకునే మె ఛ్వే కూడా, మూడు నెలల ముసురు వాసన పోవాలని ఆయన ఎర్ర మఖమలు అంగీని వెదురు దడి మీద ఆరేసింది. ఒళ్లంతా సరిగ పట్టీలు, భుజాల దగ్గర మంటల్లా పైకి లేచే రెక్కలు. ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పన్నెండేళ్లుగా ఆమె ఒక్కతే ఎత్తుతోంది.

లోపలికి వెళ్లి ఊరబెట్టిన తేయాకు ఇంత నోట్లో వేసుకుని వచ్చేసరికి దడి బోసిగా ఉంది. కొమ్ములు రాసుకుందామని వచ్చిన దున్నపోతు ఒకటి అంగీలో తల దూర్చి, దాన్ని వీపున వేసుకుని వీధిన పడింది.

"ఓరి నీ కొంప మునగ!" అంటూ మె ఛ్వే ఉత్తికాళ్లతో పరిగెత్తింది.

వీధిలో జనమంతా అప్పటికే మోకాళ్ల మీద ఉన్నారు. చేపల పులుసు అమ్మే ముసలమ్మ కావిడి దించి నేలకు నుదురు ఆనించింది. దున్నపోతు నింపాదిగా నడుస్తోంది. కోటభటుడు ఫో లూ బల్లెం అడ్డం పెట్టాడు.

"కూచో అక్కా! ప్రభువుల ముందు పరుగులేమిటి?"

"నీ కళ్లు కాకులెత్తుకుపోయాయా? అది దున్నపోతురా!"

"లోపలెవరున్నారో చూసే పని నాది కాదు. ఆ అంగీ కనబడితే కూచోబెట్టమన్నారు, కూచోబెడుతున్నా. పోయినేడు తలెత్తి చూశాడని మా బావమరిదికి పాతిక దెబ్బలు పడ్డాయి."

"పోనీ, నన్ను దాన్ని విప్పనీ. రోజూ తొడిగేదాన్ని నేనే కదా!"

"అది ఇంట్లో మాట. వీధిలో ముట్టుకోవాలంటే ఆయనకు సాటివాళ్లయి ఉండాలి."

ఈలోగా కబురంది మంత్రిగారే వచ్చారు. ఇంట్లో కట్టుకునే ముతక లుంగీ, పైన వట్టి ఒళ్లు.

"ఆపండి! అంగీ నాది! మంత్రిని నేను!"

ఫో లూ ఆయన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "అవునవును, నేను మహారాణిని. కూచో తాతా!"

ఇంకో ఇద్దరు భటులు భుజాలు నొక్కేసరికి మంత్రిగారు బురదలో కూలబడ్డారు. దున్నపోతు ఆయన ముందు ఆగి, తీరిగ్గా పేడ వేసి కదిలింది.

మె ఛ్వేకి ముందు నవ్వొచ్చింది. ఆయన చేతులు జోడించి ఉండటం చూశాక నవ్వు మానేసింది. పక్క దుకాణంలో చెరుకుగడ లాక్కుని, మోకాళ్ల మీద పాకుతూ దున్నపోతుకు ఎదురెళ్లింది.

"ప్రభూ, వడ్డన అయింది. ఇంటికి దయచెయ్యండి."

ఫో లూ బల్లెం పక్కకు తీశాడు. "పిలవకూడదని ఎవరూ చెప్పలేదు," అని తనే ఎవరిదో గొడుగు తెచ్చి దున్నపోతుకు పట్టాడు. చెరుకు వెనక దున్నపోతు, దున్నపోతు వెనక గొడుగు, ఆ వెనక ఊరు. అందరికీ చివర, తల వంచుకుని మంత్రిగారు.

గుమ్మం దాటి లోపలికి రాగానే ఆమె గుండీలు విప్పి అంగీ లాగేసింది. దున్నపోతు చెరుకు నములుతూ నిలబడింది. అప్పుడు మాత్రం ఫో లూ దాన్ని, "హై, పో!" అని బల్లెం కర్రతో అదిలించాడు.

రాత్రంతా సాంబ్రాణి పొగ వేసినా అంగీకి పట్టిన దున్నపోతు వాసన పోలేదు. తెల్లవారి తొడుగుతుంటే మంత్రిగారు అద్దంలోకి చూడలేదు.

"మె ఛ్వే, ఇన్నాళ్లూ వాళ్లు మొక్కింది ఎవరికంటావు?"

పన్నెండేళ్లలో ఆయన ఆమెను అడిగిన మొదటి మాట అదే.

"కుడిచెయ్యి కాస్త ఎత్తండి బాబుగారూ," అంది.